నోరు పిడచకట్టకుండా నాలుగో డైవ్ దాకా

డైవింగ్ సెంటర్లో కంప్రెసర్ చూసుకునే మనిషి పావుగంటకోసారి ఓ చిన్న వాల్వు తిప్పుతాడు. బుస్సుమంటూ పాలవిరుగుడు లాంటి తెల్లటి నీళ్లు, కాస్త నూనె జిడ్డుతో కలిసి, కింద పెట్టిన డబ్బాలోకి చిమ్ముతాయి. అక్కడ కుళాయి లేదు, పైపు లేదు. ఆ నీళ్లన్నీ గాలిలోవే. ఒడ్డున మనం పీల్చే గాలిలోంచి తేమను పిండి, యంత్రం పక్కన పెట్టింది. గంటసేపు నీళ్లలో ఉండి పైకొచ్చిన మనిషి నోరు ఎందుకు పిడచకట్టుకుపోతుందో తెలియాలంటే ముందు ఆ డబ్బా చూడాలి.

ఏడాదికోసారి సరదాకి డైవ్ చేసేవాళ్లకు ఇది చిన్న ఇబ్బంది. పైకొచ్చి ఓ కొబ్బరిబొండాం తాగితే తీరిపోతుంది. రోజూ ఇదే పనిగా బతికేవాళ్ల సంగతి వేరు. రుషికొండలోనో, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనో, మాల్దీవుల్లోనో పొద్దున్నే మొదటి గెస్టును నీళ్లలోకి దించి, మధ్యాహ్నానికి నాలుగో డైవ్ ముగించే ఇన్‌స్ట్రక్టరుకు గొంతు కూడా ఒక పనిముట్టే. ప్రతి డైవ్‌కి ముందు బ్రీఫింగ్ ఇవ్వాలి. బెదురుతున్న మనిషికి ధైర్యం చెప్పాలి. గాలి హోరులో బోటు మీదివాళ్లను కేకేయాలి.

ఈ పనిలోకి వచ్చిన మొదటి సీజన్‌లో ఒకరోజు, నాలుగో డైవ్‌లో, ఎనిమిది మీటర్ల లోతున నాకు దగ్గు తెర వచ్చింది. గొంతు అట్టలా ఎండి ఉంది. నా చేతిలో అంతకుముందు ఎప్పుడూ సముద్రంలో దిగని ఒక గెస్టు చెయ్యి ఉంది. రెగ్యులేటర్ నోట్లోంచి జారకుండా ఓ చేత్తో అదిమిపట్టుకుని దగ్గుతూ, ఆమె కళ్లలో భయం పెరగడం చూశాను. ఏమీ కాలేదు. కానీ ఆరోజు నుంచి నోరు ఎండటాన్ని నేను చిన్న విషయంగా చూడలేదు. మీరూ చూడొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గాలి పొడిగా ఉండటం తప్పు కాదు

మన దగ్గర ఎక్కువగా వాడే 80 ఘనపుటడుగుల అల్యూమినియం సిలిండర్‌లో నిండా కొడితే సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. సముద్రతీరంలో 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజున అంత గాలిలో దాదాపు 50 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అంటే హోటల్లో ఇచ్చే చిన్న టీ గ్లాసులో సగానికి పైనే. కంప్రెసర్ అంతా పిండేశాక ఎంత మిగులుతుంది? నింపే గాలిలో ఘనపు మీటరుకు 25 మిల్లీగ్రాములకు మించి నీరు ఉండకూడదన్నది ఐరోపా ప్రమాణం. ఆ లెక్కన సిలిండర్ మొత్తంలో మిగిలేది ఒక్క చుక్క.

ఇంత కచ్చితంగా పొడిబార్చడానికి కారణం ఉంది. తేమ మిగిలితే స్టీలు సిలిండర్ లోపల తుప్పు పడుతుంది, అల్యూమినియం సిలిండర్ లోపల తెల్లటి పొడి పేరుకుంటుంది. అధిక పీడనంలోని గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే విపరీతంగా చల్లబడుతుంది కాబట్టి, చల్లటి నీళ్లలో ఆ తేమ ఫస్ట్ స్టేజ్‌లో (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగం) మంచుగా మారి రెగ్యులేటర్ తెరుచుకునే ఉండిపోయే ప్రమాదమూ ఉంది. అందుకని "కాస్త తేమగాలి కొట్టకూడదా?" అని కంప్రెసర్ మనిషిని అడగకండి. పొడిగాలి మీ ప్రాణానికి రక్ష. ఆక్సిజన్ ఎక్కువగా ఉండే నైట్రాక్స్ అయినా అంతే పొడి.

ఇప్పుడు మన ఒంటి లెక్క. ఊపిరితిత్తులకు గాలి 37 డిగ్రీల వేడితో, పూర్తి తేమతో చేరాలి. అంటే లీటరు గాలికి సుమారు 44 మిల్లీగ్రాముల నీరు. మామూలుగా ఈ పని ముక్కు చేస్తుంది. లోపలికి వెళ్లే గాలిని తడుపుతుంది, బయటికి వచ్చే గాలిలోంచి కొంత తేమను తిరిగి పట్టుకుంటుంది. ఎడారిలో ఒంటె నీటిని పొదుపు చేసుకునే మార్గాల్లో ఇదొకటి. డైవ్‌లో ముక్కు మాస్కు లోపల ఉండిపోతుంది. భారమంతా నోటి మీద, గొంతు మీద పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవారికి గంటకు 40 నుంచి 50 గ్రాముల నీరు ఈ దారిలో పోతుంది. ఒంటి మొత్తానికి అది పెద్ద లెక్క కాదు. నాలుకకూ గొంతు పొరకూ మాత్రం చాలా పెద్ద లెక్క.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. లోతుకు వెళ్లేకొద్దీ నోరు ఎక్కువ ఎండుతుందనుకుంటారు. ఒక లీటరు చోటులో ఎంత ఆవిరి పడుతుందన్నది ఉష్ణోగ్రతను బట్టే గానీ, ఒత్తిడిని బట్టి కాదు. ఐదు మీటర్ల దగ్గర తీసుకున్న ఊపిరీ, ఇరవై ఐదు మీటర్ల దగ్గర తీసుకున్న ఊపిరీ మీ నోటి నుంచి లాక్కునేది ఒకటే. లోతుతో పని లేదు, ఎన్ని లీటర్లు పీల్చామన్నదే లెక్క. అందుకే ముప్పై మీటర్లలో నింపాదిగా తిరిగొచ్చిన డైవర్ కంటే, మూడు మీటర్లలో నలుగురు కొత్తవాళ్లను లాగుతూ రొప్పిన ఇన్‌స్ట్రక్టరు నోరే ఎక్కువ ఎండుతుంది.

పైసా ఖర్చు లేనివి ముందు

పరికరం కొనేముందు కనీసం వారం రోజులు ఇవి చేసి చూడండి. చాలామందికి ఇక్కడితోనే సగం బాధ తీరుతుంది.

మొదటిది నీళ్లు. ముందురోజు సాయంత్రం నుంచే కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. నీళ్లలో మునిగితే కాళ్లూచేతుల్లోని రక్తం ఛాతీ వైపు చేరుతుంది. రక్తం ఎక్కువైందనుకుని శరీరం మూత్రం పెంచుతుంది. దానికి వెట్‌సూట్‌లో చెమట, బోటు మీద ఎండ తోడవుతాయి. అసలు నీళ్లు పోయేది వీటిలోనే. డైవ్‌కీ డైవ్‌కీ మధ్య ఒక పెద్ద గ్లాసు నీళ్లో, ఉప్పేసిన పల్చటి మజ్జిగో, కొబ్బరినీళ్లో తాగండి. రోజంతా తాగకుండా దిగేముందు ఒకేసారి లీటరు, రెండు లీటర్లు పట్టించకండి. మునిగినప్పుడు గుండెపై, ఊపిరితిత్తులపై అసలే భారం ఉంటుంది. దానికి ఇదీ తోడవకూడదు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే మీ లెక్క సరిగ్గా ఉన్నట్టు.

రెండోది మందులు. జలుబుకు, అలర్జీకి వేసుకునే మాత్రల్లో, బోటులో వాంతులు రాకుండా వేసుకునే మాత్రల్లో చాలావాటికి నోరు ఎండబెట్టే గుణం ఉంది. ప్రొమెథజిన్ లాంటివి మగత కూడా తెస్తాయి. అలాంటి మాత్ర వేసుకుని నీళ్లలో దిగి, నోరు ఎండుతోందని రెగ్యులేటర్‌ను తప్పుపడితే లాభం లేదు. రోజూ వాడే మందు ఏదైనా ఉంటే డాక్టరుకు మీ వృత్తి చెప్పి, వేరే మందు ఉందేమో అడగండి. ఒడ్డున ఉన్నప్పుడు కూడా నోరు ఎండుతూ, మాటిమాటికీ దాహం, మూత్రం ఉంటే షుగర్ పరీక్ష చేయించుకోండి.

మూడోది మౌత్‌పీస్. కొరికి కొరికి చిరిగిన మౌత్‌పీస్, వదులైన టై, మడతపడిన ఎగ్జాస్ట్ వాల్వు గుండా ప్రతి ఊపిరిలో కాస్త ఉప్పునీరు తుంపరగా లోపలికొస్తుంది. ఉప్పు తగిలిన నోరు ఇంకా ఎండుతుంది. ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళ్తే, పైకొచ్చిన కొన్ని గంటల్లో వణుకు, జ్వరం, దగ్గు, ఆయాసం రావచ్చు. ఆస్ట్రేలియా డాక్టర్ కార్ల్ ఎడ్మండ్స్ 1970లోనే దీన్ని డైవర్లలో గుర్తించి వివరించాడు. పరీక్ష సులువు. సిలిండర్ వాల్వు మూసి, హోస్‌లో గాలి ఖాళీ చేసి, మౌత్‌పీస్‌లోంచి గట్టిగా పీల్చండి. ఏ గాలీ రాకూడదు. వస్తే ఎక్కడో కంత ఉంది.

నాలుగోది ఊపిరి. నెమ్మదిగా లోపలికి, ఇంకా నెమ్మదిగా బయటికి. నాలుక కొనను పై పళ్ల వెనక ఆనించి ఉంచితే గాలి నేరుగా గొంతుకు తగలకుండా పక్కలకు చీలుతుంది, నీటి తుంపరకూ అడ్డుపడుతుంది. ఎండినట్టనిపిస్తే నాలుకను చిగుళ్ల వెంట తిప్పి, ఊరిన లాలాజలం మింగండి. అయితే గాలి పొదుపు పేరుతో ఊపిరి బిగబట్టకండి. ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తి చిట్లే ప్రమాదం ఉంది. బిళ్లలు, చూయింగ్ గమ్ నోట్లో పెట్టుకుని దిగడం కూడా వద్దు. గొంతుకు అడ్డం పడితే నీళ్లలో తీసేవాళ్లుండరు.

ఐదోది చాలా చిన్న పని. దిగేముందు ఒక గుక్క మంచినీళ్లు పుక్కిలించి మింగి, సెకండ్ స్టేజ్‌ను (రెగ్యులేటర్‌లో నోటి దగ్గర ఉండే భాగం) తాగేనీటితో ఒకసారి తడిపి విదిలించండి. లోపల మిగిలిన నాలుగు చుక్కలు మొదట్లో కాస్త సాయపడతాయి. దీనికి సముద్రపు నీళ్లు వాడకండి. పైన చెప్పిన ఉప్పు తుంపర సమస్య మనమే పిలిచి తెచ్చుకున్నట్టవుతుంది.

తేమ పరికరాలు ఎలా పనిచేస్తాయి?

ఇవన్నీ చేశాక కూడా మూడో డైవ్‌కి నోరు ఎండుతోందా? అప్పుడు పరికరం గురించి ఆలోచించాలి. బజారులో ఉన్నవి ముఖ్యంగా రెండు తీరులు.

ఒకటి నోటి పక్కన ఉండేది. సెకండ్ స్టేజ్ లోపల, మౌత్‌పీస్‌కు దగ్గర్లో, సన్నటి రెక్కలో, జల్లెడలాంటి ముక్కో ఉంటుంది. మనం వదిలే వెచ్చటి ఊపిరిలోని తేమ ఆ చల్లటి రెక్కల మీద చెమ్మగా పడుతుంది. అన్నం గిన్నె మూత లోపల నీళ్లు చేరినట్టే. మరుక్షణం లోపలికి వచ్చే పొడిగాలి ఆ చెమ్మను తాకుతూ నోట్లోకి వస్తుంది. ముక్కు చేసే పనినే ఇది కొంతమేర చేస్తుంది. గొంతుకు గొట్టం అమర్చిన రోగులకు ఆసుపత్రుల్లో వాడే కృత్రిమ ముక్కుది కూడా ఇదే సూత్రం. అమెరికా కంపెనీ షెర్‌వుడ్ తన రెగ్యులేటర్లలో కొన్నింటికి ఇలాంటి రెక్కలు పెట్టింది. ఒళ్లంతా లోహంతో చేసిన సెకండ్ స్టేజ్‌లు కూడా ఈ పని కొంత చేస్తాయి. చుట్టూ ఉన్న సముద్రం ఆ లోహాన్ని చల్లగా ఉంచుతుంది, ఊపిరి తేమ దాని గోడల మీద నిలుస్తుంది. కాకపోతే బరువు. రోజుకు నాలుగు డైవ్‌లు చేసేవారు దవడ నొప్పి సంగతి కూడా చూసుకోవాలి.

రెండోది హోస్‌కూ సెకండ్ స్టేజ్‌కూ మధ్య బిగించేది. చిన్న గొట్టంలో నీటిని పీల్చుకునే స్పాంజి లాంటి పదార్థం ఉంటుంది. డైవ్‌కి ముందు దాన్ని మంచినీటితో తడిపి బిగిస్తారు. వచ్చే గాలి దాని గుండా సాగి తడిసి రావాలన్నది ఆలోచన. దీనికి ఒక పరిమితి ఉంది. ఆ చోట గాలి, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే సుమారు 9, 10 బార్లు ఎక్కువ ఒత్తిడిలో ఉంటుంది. ఇందాక చెప్పుకున్నాం, ఒక లీటరు చోటు మోసే ఆవిరి ఒత్తిడితో పెరగదు. అంటే అక్కడ పూర్తిగా తడిసిన గాలి కూడా నోటి దగ్గరికి వచ్చి విచ్చుకోగానే ఆ తేమ పలచబడిపోతుంది. స్పాంజి నుంచి సన్నటి తుంపర వస్తే కొంత ఊరట ఉండొచ్చు. కానీ గంటసేపు అదే నోటిని తడిగా ఉంచుతుందని ఆశ పెట్టుకోకండి.

పైగా ఇది ఒత్తిడి మోసే భాగం. ఇంకో కీలు, ఇంకో ఓ-రింగ్ పెరిగినట్టే. దాన్ని రెగ్యులేటర్ సర్వీసు చేసే టెక్నీషియన్ చేతే బిగించుకోండి. బిగించాక గాలి తెరిచి, బకెట్ మంచినీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడండి. మామూలుగా పీల్చినప్పటితో పోలిస్తే గబగబా పీల్చినప్పుడు గాలి ధారలో తేడా తెలిస్తే తీసేయండి. కొన్ని కంపెనీలు తమవి కాని భాగాలు చేరిస్తే వారంటీ ఇవ్వవు. ఆ కాగితం కూడా ఒకసారి చదవండి. ఐరోపాలోనో మరెక్కడైనా చలిదేశంలోనో పనిచేసేవారైతే, నీరు 10 డిగ్రీల కంటే చల్లగా ఉన్నచోట తడి స్పాంజి వాడకండి. తేమను పిండింది ఎందుకో మొదట్లోనే చూశాం.

రెండింట్లో ఒకటి చెప్పమంటే నా మాట ఇది. కొత్త రెగ్యులేటర్ కొనుక్కునే రోజు వస్తే తేమ పట్టే రెక్కలున్న మోడల్నో, లోహపు సెకండ్ స్టేజ్‌నో చూడండి. ఉన్న రెగ్యులేటర్‌కు మధ్యలో గొట్టం తగిలించడం ఆఖరి ఆలోచన కావాలి. ఓడల అడుగు తోమే పని, జెట్టీల మరమ్మతు చేసే డైవర్లకు వీటన్నిటికంటే మేలైన దారి ఇంకోటుంది. ముఖమంతా కప్పే మాస్కు. అందులో ముక్కుతో పీల్చొచ్చు కాబట్టి తేమ సంగతి ముక్కే చూసుకుంటుంది. దానికి విడిగా శిక్షణ కావాలి.

తడి ఉన్నచోట బూజు ఉంటుంది

తేమను పట్టి ఉంచేది ఏదైనా క్రిములనూ పట్టి ఉంచుతుంది. ఒకసారి తోటి డైవ్‌మాస్టర్ తన తేమ గొట్టం విప్పి చూపించాడు. తెల్లగా ఉండాల్సిన స్పాంజి అంచుల్లో బూడిదరంగు మచ్చలు. వేలితో రాస్తే జిగట. మూత తీయగానే మూసిపెట్టిన తడిగుడ్డ వాసన. దాని గుండా వచ్చిన గాలిని అతను పదిరోజులుగా గుండెలనిండా పీల్చుకుంటున్నాడు. పొడిగాలి నోటిని ఎండబెడితే, ఆ స్పాంజి ఊపిరితిత్తులకే ముప్పు తెస్తుంది.

అందుకని నియమం ఒక్కటే. రోజూ శుభ్రం చేయగలిగితేనే వాడండి. తడపడానికి తాగేనీరే వాడండి. సాయంత్రం పని అయ్యాక విప్పి, మంచినీళ్లలో బాగా జాడించి, నీడలో గాలికి పూర్తిగా ఆరనివ్వండి. తడిగా ఉన్నదాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించకండి. కంపెనీ చెప్పిన గడువుకు స్పాంజి మార్చండి. వాసన వస్తే గడువుతో పని లేకుండా పారేయండి. రెక్కలున్న రెగ్యులేటర్‌లోనైతే మౌత్‌పీస్ విప్పి, మెత్తటి బ్రష్‌తో రెక్కల సందులు తోమాలి.

గొంతుకు హాయిగా ఉంటుందని స్పాంజి మీద నీలగిరి తైలమో, పుదీనా అర్కమో, గ్లిజరినో చుక్క వేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నూనె తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా తెస్తుంది. ఆక్సిజన్ ఎక్కువగా ఉండే గాలి వాడేచోట నూనె అంటే నిప్పుకు దగ్గర చుట్టం.

ఈ పరికరం మీ ఒక్కరిదే కావాలి. గెస్టులకు ఇచ్చే రెగ్యులేటర్లకు తేమ స్పాంజి అసలు తగిలించకూడదు. వాటిని ఒకరు వాడాక, మరొకరికి ఇచ్చేముందు క్రిమిసంహారక ద్రావణంలో ముంచి కడగాలి. ఈ ఉద్యోగంలో అన్నిటికంటే ముందు సొంతానికి కొనుక్కోవాల్సింది మంచి మౌత్‌పీస్. తేమ పరికరం తర్వాతి సంగతి.

చేరేటప్పుడే అడగండి

కొత్త సెంటర్లో చేరేటప్పుడు జీతం, వసతితో పాటు నాలుగు ప్రశ్నలు అడగండి. బోటులో తాగేనీళ్లు సిబ్బందికి సరిపడా ఉంటాయా? డైవ్‌ల మధ్య కూర్చోవడానికి నీడ ఉందా? రోజుకు ఎన్ని డైవ్‌లు చేయిస్తారు? కంప్రెసర్ ఫిల్టరు ఎప్పుడు మార్చారో రాసే పుస్తకం ఉందా? ఇవి అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. బాధ్యతగల యజమాని ఆ పుస్తకం తెచ్చి చూపిస్తాడు. సీజన్‌లో పని ఎంత ఒత్తిడిగా ఉన్నా, మీ నీళ్లసీసా మీదే, మీ విరామం మీదే.

పళ్లను కూడా మరవకండి. లాలాజలం పళ్లకు కాపలా. ఏళ్ల తరబడి నోరు ఎండుతూ, పైనుంచి తీపి కూల్‌డ్రింకులు తాగుతూ ఉంటే పళ్లు త్వరగా పుచ్చుతాయి. పుచ్చుపన్నులో గాలి చిక్కుకుంటే డైవ్‌లో భరించలేని నొప్పి వస్తుంది. పైకొచ్చాక ముందు మంచినీళ్లతో పుక్కిలించండి. ఏడాదికోసారి దంతవైద్యుణ్ని కలవండి.

అన్నీ దాహం కాదు

గాలికి నూనె వాసన, పొగ రుచి ఉన్నా, గొంతు మండినా, తలనొప్పి పట్టుకున్నా అది పొడిదనం కాదు. గాలి చెడి ఉండొచ్చు. డైవ్ ఆపి, ఆ సిలిండర్‌నూ, అదే విడతలో నింపిన మిగతావాటినీ పక్కన పెట్టించండి. పైకొచ్చాక కీళ్లనొప్పి, తిమ్మిరి, ఒంటిమీద మచ్చలు, విపరీతమైన నీరసం ఉంటే "నీళ్లు తక్కువయ్యాయిలే" అని సరిపెట్టుకోకండి. ఇవి డీకంప్రెషన్ జబ్బు లక్షణాలు కావచ్చు. ఒంట్లో నీరు తగ్గడం ఆ జబ్బు ముప్పును పెంచవచ్చని డైవింగ్ వైద్యులు హెచ్చరిస్తారు. వెంటనే ఆక్సిజన్ పెట్టించుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రేపు పొద్దున్న బోటెక్కేముందు మూడు పనులు చేయండి. మౌత్‌పీస్‌లో కంత ఉందేమో పీల్చి చూడండి. సీసా నిండా నీళ్లు పెట్టుకోండి. తేమ పరికరం ఉంటే విప్పి వాసన చూడండి. వాసన వస్తే ఆరోజు అది లేకుండానే దిగండి. ఎండిన నోరు సాయంత్రానికి కోలుకుంటుంది. మురికిగాలి పీల్చిన ఊపిరితిత్తి అంత తేలిగ్గా కోలుకోదు.